ఇంగ్లండ్ ప్రొబేషన్ ప్రైవేటు చేతుల్లో ఉన్నప్పుడు దగ్గర్నుంచి చూసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో క్రిమినాలజీలో ఎమ్మే చేస్తున్నాను. నా డిసర్టేషన్ ప్రొబేషన్ ప్రైవేటీకరణ మీద. ప్రొబేషన్ అంటే, నేరం చేసినవాళ్లను జైలుకు బదులుగానో, జైలు నుంచి విడుదలయ్యాకో బయటే పర్యవేక్షిస్తూ, మారడానికి సాయం చేసే వ్యవస్థ. మీ సాయం కావాలి.

2014లో 35 ప్రొబేషన్ ట్రస్టులను రద్దు చేశారు. ప్రమాదకరం అనుకున్నవాళ్లను ప్రభుత్వ సర్వీసుకు, మిగతావాళ్లను 21 కంపెనీలకు అప్పగించారు. ఆ మనుషులు మళ్లీ నేరం చేయకపోతేనే కంపెనీలకు ఫీజులో కొంత భాగం అందేది. ఏడాదిలోపు శిక్ష పడినవాళ్లకు కూడా విడుదలయ్యాక పర్యవేక్షణ పెట్టడం మాత్రం నాకు మంచి ఆలోచనే అనిపిస్తుంది. కానీ కొందరికి ఆరు వారాలకో ఫోన్ కాలే పర్యవేక్షణ అయిందని 2017లో తనిఖీ అధికారులే బయటపెట్టారు. 2021 జూన్‌లో అంతా మళ్లీ ప్రభుత్వం కిందికి వచ్చింది.

ఇవన్నీ నివేదికల్లో దొరికాయి. నాకు కావాల్సింది మనుషుల అనుభవం. నేను వాలంటీరుగా వెళ్లే చోట ఒకాయన, "ఆఫీసరు మారినప్పుడల్లా నా బతుకంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చేది" అన్నారు. ఆ మాట విన్నాక రెండు రోజులు చదువు మీద మనసు నిలవలేదు. ఉండటానికి ఇల్లు, చేయడానికి పని, నమ్మకంగా మాట్లాడటానికి ఒక మనిషి లేకపోతే ఎవరైనా ఎలా మారతారు?

ఆ రోజుల్లో ప్రొబేషన్‌లో పనిచేసినవాళ్లు, లేదా ఇంట్లో ఎవరైనా లైసెన్స్ మీద (అంటే శిక్షాకాలం మిగిలి ఉండగానే షరతులతో) విడుదలైనవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఒక్కో ఆఫీసరు మీద ఎన్ని కేసులుండేవి? 2021 తర్వాత నిజంగా తేడా కనిపించిందా? అలాగే మన దగ్గర 1958 ప్రొబేషన్ చట్టం కింద పనిచేసిన జిల్లా ప్రొబేషన్ అధికారులు ఎవరైనా ఉంటే, దయచేసి మీరు కూడా రాయండి. పేర్లు, ఊళ్లు చెప్పక్కర్లేదు.