అమెరికా పెయిర్స్ స్కేటింగ్‌కి 2030లోనైనా ఒలింపిక్ పతకం వస్తుందా?

శీతలపవన్
పెయిర్స్ అంటే అబ్బాయి అమ్మాయిని తల పైకి ఎత్తుతూ, గాల్లోకి విసురుతూ జంటగా చేసే ఫిగర్ స్కేటింగ్. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో జిల్ వాట్సన్, పీటర్ ఒపెగార్డ్ కాంస్యం తెచ్చారు. ఆ తర్వాత పెయిర్స్‌లో అమెరికాకి ఒలింపిక్ పతకమే లేదు. స్వర్ణమైతే చరిత్రలోనే లేదు. సింగిల్స్‌లోనూ ఐస్ డాన్స్‌లోనూ గెలిచే దేశానికి ఇదొక్కటే లోటు. కానీ గాలి మారిందని నా నమ్మకం. 2022లో ఫ్రాన్స్‌లోని మోంపెలియేలో అలెక్సా క్నీరిమ్, బ్రాండన్ ఫ్రేజియర్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. 1979లో టై బబిలోనియా, రాండీ గార్డ్‌నర్ గెలిచాక అమెరికాకి మళ్ళీ అదే మొదటిది. మరుసటి ఏడాది జపాన్‌లోని సైతామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో రజతం. వాళ్ళు తప్పుకున్నా ఎల్లీ కామ్–డానీ ఓషే, అలీసా ఎఫిమోవా–మిషా మిత్రోఫనోవ్ జంటలు ఉన్నాయి. 2030 ఒలింపిక్స్ జరిగే ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో పతకం వస్తుందంటాను. మీరేమంటారు?

స్కోరుపట్టి
ముందు ఆ 2022 స్వర్ణాన్ని పక్కన పెట్టండి. రష్యా జంటల మీద నిషేధం, చైనా జంటలు రానే లేదు. అంతకు నెల ముందు బీజింగ్ ఒలింపిక్స్‌లో క్నీరిమ్–ఫ్రేజియర్‌ది 6వ స్థానం. వాళ్ళ పైనున్న ఐదు జంటలూ రష్యా, చైనావే. ఆ ఐదు జంటలూ లేని రింకులో గెలిచారు.

శీతలపవన్
వచ్చినవాళ్ళతోనే కదా పోటీ! బీజింగ్‌లో వాళ్ళ వెనక 7వ స్థానంలో ఉన్నది రికు మియురా–ర్యుయిచి కిహారా. మోంపెలియేలోనూ ఆ జంట వీళ్ళ వెనకే ఉంది. అదే జపాన్ జంట 2023లో, 2025లో ప్రపంచ ఛాంపియన్లయింది. వాళ్ళ గెలుపు గెలుపైతే, వాళ్ళని రెండుసార్లు దాటినవాళ్ళది గెలుపు కాకుండా ఎలా పోతుంది?

స్కోరుపట్టి
2023లోనూ రష్యా లేదు. మీ లెక్కంతా లేనివాళ్ళ మీదే నడుస్తోంది.

హిమబిందు
నాకు మాత్రం 2006 టురిన్ ఒలింపిక్సే గుర్తు. రీనా ఇనోవే–జాన్ బాల్డ్విన్ వేసిన త్రో ట్రిపుల్ యాక్సెల్, అంటే అతను విసిరితే ఆమె గాల్లో మూడున్నర చుట్లు తిరిగి దిగడం. ఒలింపిక్స్‌లో అదే మొదటిది. పతకం రాకపోయినా ఆ ల్యాండింగ్ కళ్ళ ముందే ఉంది.

స్కోరుపట్టి
ఇనోవే అంతకుముందు జపాన్ తరఫున రెండు ఒలింపిక్స్ ఆడిన అమ్మాయి. ఇప్పుడు ఎఫిమోవా చూడండి. రష్యాకి ఆడింది, జర్మనీకి ఆడింది, ఇప్పుడు అమెరికాకి. 2025 జాతీయ ఛాంపియన్లయినా పౌరసత్వం రాక 2026 మిలాన్ ఒలింపిక్స్ దారి మూసుకుపోయింది. ప్రపంచ పోటీలకైతే జంటలో ఒక్కరికి ఆ దేశ పౌరసత్వం ఉంటే చాలు. ఒలింపిక్స్‌కి ఇద్దరికీ ఉండాలి. ఇక ఓషే 1991లో పుట్టాడు, 2030 నాటికి 39కి చేరతాడు. మీ పతకం ఎవరి మెడలో పడుతుందో పేరు చెప్పండి.

శీతలపవన్
వయసు మాటెందుకండీ? డియానా స్టెలాటో-డుడెక్ 40 ఏళ్ళకి 2024 మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. కిహారా సింగిల్స్ నుంచి వచ్చినవాడు, మియురా అతనికి మూడో పార్ట్‌నర్. ఫ్రాన్స్‌లో పుట్టిన బ్రూనో మాసో జర్మన్ పౌరసత్వం తీసుకుని, అల్యోనా సావ్‌చెంకోతో కలిసి 2018లో జర్మనీకి స్వర్ణం తెచ్చాడు. పెద్దయ్యాక మంచి జోడీ కుదిర్చి, మంచి కోచ్ చేతిలో పెడితే పతకం వస్తుంది. చిన్నప్పటి నుంచీ పెంచుకురావాలన్నది పాత ఆలోచన.

వసంత_రింకు
స్టెలాటో-డుడెక్ పేరెత్తారు కాబట్టి రాస్తున్నాను. ఆవిడ అమెరికాలో పుట్టింది, అమెరికా తరఫునే పెయిర్స్ మొదలుపెట్టింది. పార్ట్‌నర్ లేకపోయాక మాక్సిమ్ డెషాంతో కలిసి కెనడాకి ఆడి, స్వర్ణం కెనడాకి ఇచ్చింది. ఇది మీ వాదానికి బలం ఎలా అవుతుంది?

అమెరికాలో అమ్మాయిలకి కొదవ లేదు, అబ్బాయిలు లేరు. ఒక్క అబ్బాయి ట్రైఅవుట్‌కి, అంటే పార్ట్‌నర్‌ని ఎంచుకునే పరీక్షకి, వస్తున్నాడంటే చుట్టూ ఎంతమంది అమ్మాయిలు, ఎంతమంది తల్లిదండ్రులు నిలబడతారో నేను చూశాను. మా అమ్మాయి జూనియర్ పెయిర్స్‌లో ఉండేది. అబ్బాయి కోచింగ్, ఐస్ టైమ్, బూట్లు, ప్రయాణాలు, అన్నీ మేమే పెట్టుకున్నాం. ఎవరూ అడగలేదు, అలా పెట్టుకోకపోతే అతను ఇంకొకరి దగ్గరికి వెళ్తాడని అందరికీ తెలుసు. త్రోలో పడి పడి దాని తుంటి ఎప్పుడూ కమిలే ఉండేది. ట్రిపుల్ ట్విస్ట్ (అబ్బాయి పైకి విసిరితే అమ్మాయి మూడు చుట్లు తిరిగి అతని చేతుల్లోకి రావడం) నిలబడ్డ సీజన్‌లోనే అతను ఇంకో అమ్మాయితో వెళ్ళిపోయాడు. మాకు ఆ సంగతి ఇంకొకరి ఫోటోలో తెలిసింది. కోచ్ ఒక్క మాట చెప్పలేదు. పిల్ల మళ్ళీ బూట్లు కట్టలేదు.

లక్ష్మణ్_ఎన్
వసంత గారూ, చదువుతుంటే బాధేసింది.

శీతలపవన్
వసంత గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ మాట్లాడేది 2030 గురించి. ఒక్క ఇంట్లో జరిగినదాన్ని పట్టుకుని దేశం మొత్తాన్ని అనలేం. పార్ట్‌నర్లు మారడం ఈ ఆటలో మామూలే. క్నీరిమ్–ఫ్రేజియర్ ఇద్దరూ అంతకుముందు వేరేవాళ్ళతో ఆడినవాళ్ళే. ఆ రెండు జంటలూ అలాగే ఉండి ఉంటే 2022 స్వర్ణం ఉండేదా?

స్కోరుపట్టి
ఆ స్వర్ణం ఎలా వచ్చిందో పైన చెప్పాను.

వసంత_రింకు
స్కోరుపట్టి గారూ, దయచేసి ఆ ఒక్క సంవత్సరాన్ని వదలండి. శీతలపవన్ గారూ, మామూలే అన్నారు. ఎవరికి మామూలు? విడిపోయాక అబ్బాయికి వారంలో ఇంకో పార్ట్‌నర్ దొరుకుతుంది. అమ్మాయి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది, లేదా మానేస్తుంది.

శీతలపవన్
అంత ఖర్చూ, అంత అనిశ్చితీ భరించలేనివాళ్ళు పెయిర్స్‌లోకి రాకూడదు. కటువుగా ఉన్నా నిజం అదే. ఇది అందరికోసం ఉన్న ఆట కాదు.

హిమబిందు
అలా అనకూడదండీ.

వసంత_రింకు
అననివ్వండి. ఇన్ని పోస్టులుగా ఆయన మనసులో ఉన్నది ఇదే. మాలాంటివాళ్ళం రాకపోతే మీ జంటల్లో సగం ఉండవు. లిఫ్ట్‌లో పైకెళ్ళే పిల్లదే ప్రమాదం, కింద పట్టుకునేవాడి ఖర్చూ ఆ పిల్ల ఇంటిదే. ఆ డబ్బు మీద నిలబడ్డ ఆటలో పతకం వస్తుందా రాదా అని మీరు లెక్క వేస్తున్నారు. మా పిల్లలు మీ లెక్కలో ఎక్కడా లేరు.

శీతలపవన్
సరే, నేను అనేది సూటిగా చెప్తాను. అమెరికా స్కేటింగ్ సమాఖ్య దగ్గరున్న డబ్బు పైనున్న రెండు జంటలకే వెళ్ళాలి. అందరికీ పంచితే ఎవరికీ చాలదు. పతకం వస్తే అబ్బాయిలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పదేళ్ళ కుర్రాడు పెయిర్స్ వైపు చూడాలంటే ముందు అతనికి ఒక విజేత కనపడాలి.

వసంత_రింకు
2022లో విజేత కనపడ్డారు కదా. ఏరీ ఆ అబ్బాయిలు? మీరే పేర్లు చెప్పలేక 39కి చేరబోయే మనిషినీ, పౌరసత్వం లేని అమ్మాయినీ చూపిస్తున్నారు. డబ్బు కింద పెట్టాలి. జూనియర్ జంటల్లో అబ్బాయి శిక్షణ ఖర్చు సమాఖ్య భరించాలి. అప్పుడు అమ్మాయి ఇంటి స్తోమత చూసి కాక, ఆట చూసి జోడీ కుదురుతుంది. విడిపోయే షరతులు కాగితం మీద ఉండాలి.

స్కోరుపట్టి
అబ్బాయి ఖర్చు సమాఖ్య భరించాలన్నదానికి నా ఓటు. ఇన్నేళ్ళుగా పెయిర్స్ పైకి రాకపోవడానికి అదే కారణమని నేనూ అనుకుంటాను.

శీతలపవన్
కాగితానికి మాత్రం నేను ఒప్పుకోను. ఇష్టం లేని పార్ట్‌నర్‌తో ఓవర్‌హెడ్ లిఫ్ట్ చేయించడం ఎంత ప్రమాదమో మీకే బాగా తెలియాలి. కాగితం చూపించి ఎవరినీ ఆపకూడదు.

వసంత_రింకు
ఆపమని ఎవరన్నారు? వెళ్ళేవాడు సీజన్ అయ్యేదాకా ఆగాలి, ముందుగా చెప్పాలి, అమ్మాయి ఇంటివాళ్ళు అతని కోసం పెట్టిన ఖర్చులో కొంత తిరిగివ్వాలి. ఈ మూడింట్లో లిఫ్ట్‌ని ప్రమాదంలో పడేసేది ఏదో చెప్పండి.