తమ్ముడికి పీఎంఈజీపీ (సొంతంగా కొత్త యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో ఇప్పించే బ్యాంకు లోన్) పెట్టిద్దామా, వేరే దారి ఏదైనా ఉందా?

జనగామ అక్క:
మా తమ్ముడు 2018లో బీకాం అయ్యాడు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూం తీసుకుని నాలుగేళ్లు గ్రూప్స్‌కి చదివాడు, రాలేదు, ఊరికొచ్చేశాడు. ఎక్కడ ఇంటర్వ్యూకి పోయినా "ఇన్నేళ్లు ఏం చేశావు" అనే అడుగుతున్నారని ఇప్పుడు పోవడమే మానేశాడు. చుట్టాలొస్తే మిద్దెక్కి కూర్చుంటాడు. గానుగ నూనె మిషన్ పెడతానంటున్నాడు, 8 లక్షలవుతుందట. తెలిసినాయన ఒకాయన 20 వేలిస్తే పీఎంఈజీపీలో సగం మాఫీ చేయిస్తానంటున్నాడు. మేం బీసీలం, ఉండేది పల్లెలోనే. ఇవ్వొచ్చా?

నల్గొండ గానుగ:
ఒక్క రూపాయి ఇవ్వకండి అక్కా. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఫ్రీ. సగం మాఫీ అబద్ధం, పల్లెలో బీసీలకు సబ్సిడీ 35 శాతం. 8 లక్షల్లో మీరు పెట్టుకోవాల్సింది 5 శాతం, అంటే 40 వేలు, మిగతా 7 లక్షల 60 వేలు బ్యాంకు లోన్. సబ్సిడీ 2 లక్షల 80 వేలు వస్తుంది గానీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా పడి ఉంటుంది. దానికి వడ్డీ ఇవ్వరు, లోన్‌లో అంత మేరకు వడ్డీ వెయ్యరు. మూడేళ్లయ్యాక యూనిట్ నడుస్తోందో లేదో వచ్చి చూసి, అప్పుడు లోన్‌కు జమ చేసి అంత మేర తగ్గిస్తారు. మధ్యలో మూసేస్తే ఆశ వదులుకోవాల్సిందే. ముందే మిషన్ కొని తర్వాత అప్లై చేసినా కుదరదు, కొత్త యూనిట్లకే ఇస్తారు.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. లోన్ కోసం ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో మిషన్ ఖర్చే రాయించా, పల్లీలు కొనే డబ్బు రాయించలేదు. మొదటి సీజన్ అంతా ఊళ్లోవాళ్లు సంచుల్లో తెచ్చిన పల్లీలు ఆడించి కూలి తీసుకోవడమే అయింది. వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనే డబ్బు, తప్పకుండా రాయించండి.

డీడీయూ బ్యాచ్:
నాలుగేళ్లు ఖాళీగా ఉన్న మనిషి నెత్తిన ఒకేసారి 7 లక్షల అప్పా? 35 లోపు వయసుంటే డీడీయూ-జీకేవై చూడండి, పల్లెల్లోని పేద కుటుంబాల పిల్లలకు పని నేర్పి ఉద్యోగం చూపించే కేంద్రం స్కీమ్, ట్రైనింగ్, హాస్టల్, తిండి ఫ్రీ. ఒక్క మాట, ప్లేస్‌మెంట్ అయితేనే ట్రైనింగ్ ఇచ్చే సంస్థకు పూర్తి డబ్బులు, మూడు నెలల జీతం స్లిప్పులుంటేనే ప్లేస్‌మెంట్ కింద లెక్క. నన్ను అలాగే హైదరాబాద్‌లో ఒక బట్టల షాపులో పడేశారు. జీతంలో రూం అద్దె పోను మిగిలేది ఏం లేదు, నాలుగో నెల నుంచి ఫోన్ చేసిన నాథుడు లేడు. కానీ నిజం చెప్పాలంటే ఆ స్లిప్పుల వల్లే తర్వాతి చోట గ్యాప్ గురించి ఎవరూ అడగలేదు.

జనగామ అక్క:
జీతం తక్కువైనా పోతాడు, కానీ అమ్మ ఒక్కతే అవుతుందని భయపడుతున్నాడు.

పాత బ్యాంకు మనిషి:
అయితే ముందు మీ జిల్లా ఆర్‌సెటీకి పంపమ్మా. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటీ అనే సంస్థ పద్ధతిలో, స్వయం ఉపాధికి ట్రైనింగ్ ఇవ్వడానికి బ్యాంకులే నడిపే కేంద్రాలు ఇవి, కోర్సు కొన్ని వారాలే, తిండీ బసా ఫ్రీ. పీఎంఈజీపీకి ఎలాగూ ట్రైనింగ్ కావాలి, ఆ సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుంది. ఈలోపు నల్గొండ తమ్ముడి గానుగ దగ్గర వారం రోజులు కూర్చోబెట్టు, నూనె తీశాక మిగిలే చెక్క (పిప్పి) కింద ఎంత పోతుందో తనే తూచి చూసుకుంటాడు.

నల్గొండ గానుగ:
పంపండి అక్కా. పొద్దున ఆరుకల్లా ఉండాలి, మధ్యాహ్నం కరెంటు పోతుంది.