వీధి నీళ్ల రిపోర్టు బాగుంది, ఇంట్లో పాపకి మాత్రం విరేచనాలు. దేన్ని నమ్మాలి? (చెన్నై)

పెరంబూరు నాన్న: సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మా వీధి నీటి పరీక్ష వివరాలు తెప్పించాను. టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకి 420 మిల్లీగ్రాములు, ఈ-కోలి (మలం కలిస్తే కనిపించే క్రిమి) లేదు, అన్నీ హద్దులోనే. మా పాపకి నెలలో రెండోసారి విరేచనాలు పట్టుకున్నాయి. ఈ కాగితాన్ని ఎలా చదవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కొళత్తూరు కిట్టు: తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500లో టీడీఎస్ హద్దు 500. మీది 420. నీళ్లు బంగారం. పాప బయట ఏం తిన్నదో చూసుకోండి.

వేళచ్చేరి సుబ్బు: 500 కాదండీ, 2000 దాకా ఒప్పుకుంటారు. మా బోరు 1400. పదేళ్లుగా తాగుతున్నాం.

మైలాపూరు టీచరమ్మ: సుబ్బు గారూ, ఆ 2000 పక్కన ఏం రాసుందో చూడండి. వేరే నీటి ఆధారం లేనప్పుడే ఆ లెక్క. అసలు టీడీఎస్ చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల సంగతి. క్రిమి ఉందో లేదో అది చెప్పదు. నాన్న గారూ, మీ కాగితంలో మూడు చూడండి: నమూనా ఎక్కడ పట్టారు, ఏ తేదీన, మిగులు క్లోరిన్ (క్రిముల్ని చంపాక నీళ్లలో ఇంకా మిగిలింది) ఎంత. కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములుండాలి.

నెల్లూరోడు: కండలేరు జలాశయం నుంచి చెన్నై కోసం పూండి జలాశయానికొచ్చే మన కృష్ణ నీళ్లండీ అవి. వాటికేం రోగం?

కొళత్తూరు కిట్టు: 420 అని అచ్చులో ఉంటే ఇంకా క్లోరిన్, తేదీ ఏంటండీ? నా టీడీఎస్ మీటరు పెట్టినా అంతే చూపిస్తుంది.

మైలాపూరు టీచరమ్మ: కిట్టూ, మీటరు పక్కన పెట్టు నాయనా. నీళ్లు వదలని వేళ గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎవరో ఒకరు మోటారు నేరుగా లైనుకి బిగించి లాగితే పగుళ్లలోంచి పక్క డ్రైనేజీ నీళ్లు లోపలికొస్తాయి. పొద్దున పట్టిన నమూనాలో లేనిది సాయంత్రం ఉండొచ్చు.

పెరంబూరు నాన్న: చూశానమ్మా. నమూనా మా వీధి మొదట్లో పట్టారు, మూడు నెలల కిందట. నిన్న క్లోరిన్ చూసే చుక్కల మందు తెచ్చాను. వాకిట్లో వీధి లైనుకే కలిపిన చేతిపంపు నీళ్లలో వేస్తే లేత పసుపు తిరిగింది, అంటే క్లోరిన్ ఉంది. వంటింటి కుళాయి నీళ్లలో అసలు రంగే రాలేదు. మధ్యలో ఉన్నవి సంపు, పైట్యాంకు. సంపు మూత అంచు విరిగింది, డ్రైనేజీ గుంతకి రెండడుగులు కూడా లేదు. ఓనరు గారిని అడిగితే ఇదే రిపోర్టు నాకే చూపించి, నీళ్లు మంచివేగా అన్నారు.

కొళత్తూరు కిట్టు: ఇప్పుడొచ్చింది అసలు సంగతి! నేనూ రెండు పోర్షన్లు అద్దెకిచ్చినవాణ్ణే. పోయినేడు ఒకాయన ఇలాగే నీళ్లు బాలేదని రెండు నెలల అద్దె ఎగ్గొట్టి వెళ్లాడు. రిపోర్టు బాగున్నాక ఇంకా మా మీద ఎందుకు పడతారు?

పెరంబూరు నాన్న: అన్నా, నేను అద్దె ఎగ్గొట్టలేదు. ఆస్పత్రికి పాపని ఎత్తుకెళ్లింది నేను. మీరు పొద్దుట్నుంచీ 420, 420 అంటున్నది ఇందుకా?

కొళత్తూరు కిట్టు: సంపు కడిగించే కూలి ఎవరిస్తారు? ముందది చెప్పండి.

పెరంబూరు నాన్న: మెయింటెనెన్స్ అని నెలనెలా కడుతున్నాను. అందులో సంపు లేదా?

మైలాపూరు టీచరమ్మ: కిట్టూ, ఆ రిపోర్టు వీధి గొట్టానిది. మీ సంపుకి అది సర్టిఫికెట్ కాదు. సంపు ఎవరి స్థలంలో ఉంటే పూచీ వాళ్లదే.

కొళత్తూరు కిట్టు: అద్దెకున్నవాళ్లు వాడుకోరా? సగం వాళ్లూ వేసుకోవాలి. నేను ఒప్పుకోను.

మైలాపూరు టీచరమ్మ: నాన్న గారూ, వీళ్ల తగువు తేలేదాకా ఆగకండి. పాపకి నీళ్లు తెర్లేదాకా కాచి ఇవ్వండి, ఓఆర్ఎస్ కూడా ఆ నీళ్లతోనే కలపండి.

పెరంబూరు నాన్న: కాచే ఇస్తున్నానమ్మా. ఆదివారం మనిషిని పిలిచాను, మూత తీయిస్తాను. ఓనరు గారిని కూడా దగ్గరుండి చూడమన్నాను.