గోదావరి లోయను మలిచింది భ్రంశాలా, నది కోతా?

మానేరు తీరం:
ప్రాణహిత కలిసే కాళేశ్వరం నుండి భద్రాచలం వరకు గోదావరి దాదాపుగా ఆగ్నేయ దిశనే పట్టుకొని సాగుతుంది. సమాంతరంగా ఉన్న భ్రంశాల (రాళ్లు చీలి, ఇరుపక్కలా జరిగిన పగుళ్ల) నడుమ నేల కుంగి ఏర్పడిన పగులు లోయే ఆ దారిని నిర్ణయించిందని నా వాదన. సింగరేణి బొగ్గే ఇందుకు సాక్ష్యం. పెర్మియన్ కాలంలో (సుమారు 30–25 కోట్ల ఏళ్ల కిందట) పేరుకొన్న ఆ పొరలు కుంగిన నేలలో భద్రంగా మిగిలాయి. ఇరుపక్కల ఎత్తున నిలిచిన పాకాల శ్రేణి శిలల్లోనూ, వాటికంటే పాత గ్రానైట్లలోనూ బొగ్గు దొరకదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది కనుక, నేటి గుట్టల అంచులను కూడా ఆ భ్రంశాలే నిలబెట్టాయనుకోవాలి.

గుట్టల బాట:
పగులు లోయ ఉందన్న మాటతో నాకు పేచీ లేదు, మానేరు తీరం గారి చివరి వాక్యంతోనే ఉంది. ఆ స్థాయి భూకంపాలు సాధారణంగా ఉపరితలాన్ని చీల్చవు. పూర్వం భ్రంశం కదిలినప్పుడు లేచిన గట్టు ఏదైనా ఉంటే, అది కోట్ల సంవత్సరాల వానలకు ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. భ్రంశానికి ఒక పక్క ఆ బొగ్గు పొరలతో కలిసి ఉండే గోండ్వానా ఇసుకరాయి, మరో పక్క గట్టి రాయి ఉన్న చోట, మెత్తని పక్క త్వరగా అరిగిపోగా బయటపడిన అంచునే మనం ఈనాడు చూస్తున్నాము. పటంలో గీత తిన్నగా కనిపించగానే అది భ్రంశం లేపిన గోడ అనేయడం మనలో చాలామందికి ఉన్న అలవాటు.

మానేరు తీరం:
ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో నిర్ణయించింది భ్రంశమే కదండీ. అది లేకుంటే కోతకు ఆ మెత్తని రాయి అక్కడ దొరికేదే కాదు.

పోలవరం గట్టు:
మీ ఇద్దరి వాదనా భద్రాచలం దాటాక ఇబ్బందిలో పడుతుంది. గోండ్వానా శిలల పట్టీ కొత్తగూడెం, చింతలపూడి మీదుగా తీరం వైపు సాగుతుంది. మెత్తని దారి అటు ఉండగా, నది దానిని విడిచి తూర్పు కనుమల్లోకి చొరబడి, పాపికొండల వద్ద ఖొండలైట్ వంటి గట్టి రాళ్లను కోసుకొని, పోలవరం దగ్గర మైదానంలోకి దిగుతుంది. కొండలు లేవకముందే నది అక్కడ ఉండి, అవి లేస్తున్న కొద్దీ కోస్తూ వచ్చిందా, లేక ఒకప్పుడు కొండలను కప్పిన పొరల మీద దారి ఏర్పరచుకొని, అవి అరిగిపోయాక అదే దారిలో కిందికి దిగబడిందా?

గుట్టల బాట:
మొదటిదే నిజమైతే, పాత నదీతలాలు వదిలిన మెట్లు కొండల నడుమ పైకి వంగి, ఎగువన, దిగువన తక్కువ ఎత్తులో ఉండాలి. రెండవదైతే ఆ వంపు ఉండదు. ఆ మెట్ల ఎత్తులు కొలిచి, వాటి వయస్సు కట్టిన వివరాలు ఎవరి వద్దనైనా ఉంటే ఇక్కడ పెట్టండి.