సంతుష్టియా, సంతృప్తియా?

చిట్టా ఆవర్జా:
పెద్దలకు నమస్కారం. మా ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చూసిన ఒక పెద్దాయన ఎల్లుండి పదవీ విరమణ చేస్తున్నారు. అందరం కలిసి ఇచ్చే కార్డు మీద నాలుగు మాటలు రాసే పని నా మీద పడింది. ఆయన క్రైస్తవులు. సాయంత్రం ఆవర్జా మూసేటప్పుడు, ఆనాటి లెక్క కుదిరినా కుదరకపోయినా, ఒకే వాక్యం అనేవారు. నా చెవిలో మిగిలింది ఇది: "సంతృప్తి సహితమైన దైవభక్తి గొప్ప లాభము." లెక్కల పుస్తకం మూస్తూ లాభం అనడం మాకు సరదాగా ఉండేది, అందుకే గుర్తుండిపోయింది. మొదటి మాట సంతృప్తియా, సంతుష్టియా? ఆయననే అడిగితే కార్డు సంగతి బయటపడుతుంది.

ఇరవై మూడో కీర్తన:
బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక, 6వ అధ్యాయం, 6వ వచనం. "సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమైయున్నది." సంతుష్టే. అలాగే 'లాభము' కాదండీ, 'లాభసాధనము'. 'సాధన' జారిపోతే వాక్యంలోని చురక కూడా జారిపోతుంది. పై వచనంలోనే పౌలు "దైవభక్తి లాభసాధనమనుకొను మనుష్యుల" వ్యర్థ వివాదాలను దులిపాడు. ఆ వెంటనే వాళ్ల మాటనే పుచ్చుకుని, అవును, లాభసాధనమే, సంతుష్టి తోడుంటే, అన్నాడు. గ్రీకు మూలంలో రెండుచోట్లా పోరిస్మోస్ అనే ఒకే మాట.

చిట్టా ఆవర్జా:
ధన్యవాదాలు. కానీ నా చెవికి 'తృ' అనే వినిపించిందండీ. అది మాత్రం గట్టిగా గుర్తు.

ధాతుపాఠం:
గుర్తుండటం వేరు, వినడం వేరు. మన నాలుక మీద 'సంతుష్టి' తరచూ 'సంతృష్టి' అవుతుంది. పక్కనున్న సంతృప్తి వట్రసుడి అరువిస్తుంది. మీరు విన్నది అదే అయివుంటుంది. అయితే చిక్కేమిటంటే తుష్ అంటే సంతోషించడం, తృష్ అంటే దప్పిగొనడం. తృష్ణ అక్కడిదే. ఒక్క వట్రసుడితో సంతుష్టి కాస్తా దాహమైపోతుంది. కార్డు మీద 'సంతృష్టి' అని మాత్రం రాయకండి.

ఇరవై మూడో కీర్తన:
ధాతుపాఠం గారూ, దాహాన్ని అంత చులకన చేయకండి. 42వ కీర్తన చూడండి: "నా ప్రాణము దేవునికొరకు తృష్ణగొనుచున్నది." కొండమీది ప్రసంగంలోనూ "నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు, వారు తృప్తిపరచబడుదురు." విశ్వాసి జీవితంలో తృష్ణ, తృప్తి ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. దాహం తీరిపోయినవాడు ప్రార్థన మానేస్తాడు.

అరసున్న:
తృప్తి మాట వచ్చాక పోతన రాకుండా ఎలా ఉంటాడు! అష్టమ స్కంధం, బలితో వామనుడు:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నైనఁ జక్కంబడునే

దీని పక్కన పౌలు వాక్యం పెట్టి చూడండి. "మనమీ లోకములోనికి ఏమియు తేలేదు, దీనిలోనుండి ఏమియు తీసికొని పోలేము." మూడడుగులు అడిగిన బాలుడు ఆ మాట అన్నట్టే ఉంటుంది. మీ పెద్దాయన సంతృప్తి అనే అని ఉంటారు. తెలుగువాడి నోట పలికేది పోతన మాటే, ఏ మతం వాడైనా సరే.

ధాతుపాఠం:
పోతన కూడా మీ పక్షం కాదండీ. మూలంలో ఉన్నది "యదృచ్ఛయోపపన్నేన సంతుష్టో వర్తతే సుఖమ్". వ్యాసుడిది సంతుష్టుడే. తెలుగులో అతడు తృప్తుడయ్యాడంటే కారణం ప్రాస. వ్యాప్తి, ప్రాప్తము, సప్త అని కూర్చున్నాక మూడో పాదంలో 'తుష్టి'కి చోటెక్కడ?

అరసున్న:
ప్రాస కోసం అర్థం మార్చుకునేవాడు పోతన కాడు. ప్రాసను ఎంచుకున్నది ఎవరు? ఆయనే కదా! ముందు తృప్తి తట్టింది, తరవాత సప్తద్వీపాలు వచ్చి చేరాయి. మరో విశేషం గమనించారా? పదివేలనుచుం మీది ద్రుతం, అంటే చివరి నకారం, వల్ల 'తృప్తిం' కాస్తా 'దృప్తిం' అయింది. దృప్తి అంటే గర్వం. బలి దర్పం ఆ సరళాదేశంలో తొంగి చూడటం లేదూ?

ధాతుపాఠం:
లేదు.

అరసున్న:
మీకు వ్యాకరణం తెలుసు, నాకు పోతన తెలుసు.

దేశ్యపదం:
సంస్కృత ధాతువుల మధ్య ఇరుక్కుపోయి తెలుగు మాటను మరిచారు. 6:6లోని గ్రీకు మాట ఔతార్కెయా. స్వయంగా చాలి ఉండటం అని దాని అర్థం. స్తోయికులనే గ్రీకు తత్వవేత్తలకు అది ప్రాణం లాంటి మాట: ఎవరి అవసరమూ లేని జ్ఞాని నిబ్బరం. ఫిలిప్పీయులకు రాసిన 4:11లో "నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొనియున్నాను" అన్నచోటా ఆ కుటుంబపు మాటే. ఇక దాని లోపలున్న క్రియ ఎక్కడ కనిపిస్తుందో చూడండి: "నా కృప నీకు చాలును." చాలును! అచ్చ తెలుగు. సంతుష్టి, సంతృప్తి రెండూ పండితులు తొడిగిన చొక్కాలు. వాటి కింద ఉన్న ఒళ్లు 'చాలు'.

ఇంకా ఉంది. తెలుగులో చాలుకు రెండు ముఖాలు. 'నాకు చాలు' అంటే తృప్తి. 'నేను చాలను' అంటే అశక్తత. పౌలు సంతృప్తి గురించి చెప్పిన రెండు వాక్యాలకే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అంటాడు. చాలడం నుంచి చాలగలగడానికి వెళ్లాడు. మన క్రియ ఒక్కటే ఆ రెండూ మోయగలదు.

ధాతుపాఠం:
ఒక్కటే అనకండి. సంస్కృతంలో 'అలమ్' ఉంది. తృతీయతో కూడితే 'ఇక చాలు', చతుర్థితో కూడితే 'సమర్థుడు'. "అలం మల్లో మల్లాయ": ఈ మల్లుడు ఆ మల్లుడికి చాలినవాడు. పాణిని 2.3.16.

దేశ్యపదం:
మల్లుణ్ణి తీసుకొచ్చారు, సంతోషం. తెలుగు రైతుకు చాలు అంటే నాగటి గాడి కూడా. అది ఏ విభక్తితో వస్తుందో చెప్పండి.

చిట్టా ఆవర్జా:
అయ్యా, కార్డు రేపు ఉదయానికి కావాలి.

ఇరవై మూడో కీర్తన:
మీకు సమాధానం మొదటే ఇచ్చానండీ, సంతుష్టి. సమాధానం అన్నందుకు నవ్వొస్తోంది. మా బైబిలు తెలుగులో సమాధానమంటే శాంతి. "ఆత్మ ఫలమేమనగా, ప్రేమ, సంతోషము, సమాధానము." కార్డు చివర అది రాసినా బాగుంటుంది.

కానీ దేశ్యపదం గారితో ఒక పేచీ ఉంది. పౌలు మాట స్తోయికులదే, అర్థం వాళ్లది కాదు. స్తోయికుడు తనకు తానే చాలినవాడు. పౌలు "బలపరచువానియందే" చాలినవాడు. పైగా 'నేర్చుకొనియున్నాను' అని రెండుసార్లు అంటాడు. 11వ వచనంలో గ్రీకు క్రియ మామూలుగా నేర్చుకోవడమే. 12వ వచనంలోనిది మాత్రం రహస్య దీక్ష పుచ్చుకున్నవాడికి వాడే క్రియ. తెలుగులో రెండూ నేర్చుకోవడమే అయ్యాయి. పుట్టుకతో వచ్చే గుణం కాదని మాత్రం రెండూ చెబుతున్నాయి. ఆ పత్రికలోనే "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి" అన్నవాడు అప్పటికి బంధకాలలో ఉన్నాడని మరవకూడదు.

ఎదురుప్రశ్న:
అంతా బాగుంది. లేనివాడికి సంతుష్టి బోధించడం ఉన్నవాడికి గొప్ప లాభసాధనం కాదా? జీతం పెంచమన్న ప్రతిసారీ ఈ వచనం వినిపించిన యజమానులు ఉంటారు.

ఇరవై మూడో కీర్తన:
ఉంటారు. ఐదో వచనం తిట్టింది అలాంటివాళ్లనే. ఆ అధ్యాయాన్ని ఆరో వచనంలో మూసేయకుండా 17 దాకా చదివితే వాళ్ల వాటా వాళ్లకు దొరుకుతుంది: "ఇహమందు ధనవంతులైనవారు గర్విష్టులు కాక, అస్థిరమైన ధనమునందు నమ్మికయుంచక". అదే వాక్యంలో దేవుడు "సుఖముగా అనుభవించుటకు సమస్తమును" ఇస్తాడనీ ఉంది. లేమిని పొగిడే మతం అనుకునేవాళ్లు ఈ 'సుఖముగా'ను దాటేస్తారు. పైగా సంతృప్తి నేర్చుకున్నాను అన్నవాడు తన గురించి చెప్పుకున్నాడు, పక్కవాడి జీతం గురించి కాదు.

అరసున్న:
గర్విష్టులు! నేను చెప్పిన దృప్తి ఇదే.

ధాతుపాఠం:
కాదు. కానీ ఇప్పటివరకూ ఎవరూ చూడనిది ఒకటి చెబుతాను. తృప్తి తృప్ ధాతువుది, తర్పణమూ దానిదే. బయటినుంచి ఒకటి అందాలి, నిండాలి. తుష్టి మనసులోది. ఇప్పుడు అనువాదకుల తూకం చూడండి. 6:6లో దైవభక్తి పక్కన 'సంతుష్టి'. రెండు వచనాలు దాటాక "అన్నవస్త్రములు గలవారమై యుండి వాటితో తృప్తి పొందియుందము". తిండికీ బట్టకూ తృప్తి, భక్తికి సంతుష్టి. కావాలనే విడదీశారు.

దేశ్యపదం:
మరి ఫిలిప్పీయుల పత్రికలో 'సంతృప్తి' ఎందుకు వచ్చినట్టు?

ధాతుపాఠం:
మరుసటి వచనంలో "కడుపు నిండియుండుటకును ఆకలిగొనియుండుటకును" ఉంది. కడుపు మాట రాబోతోంది కాబట్టి.

దేశ్యపదం:
మీ సిద్ధాంతం దేన్నైనా నమిలేస్తుంది, దానికి మాత్రం తృప్తి లేదు. గ్రీకు చూసుకుంటే 6:6లో నామవాచకం, 6:8లో క్రియ, అంతే తేడా. రెండింటి వేరూ ఒకటే.

చిట్టా ఆవర్జా:
అడిగిన పాపానికి ఒకటి చెప్పాలి. ఆయనకు పై ఉద్యోగం రెండుసార్లు ఇస్తామన్నారు, రెండుసార్లూ వద్దన్నారు. మేమంతా పిరికితనం అనుకున్నాం. ఆయన మాత్రం కొత్తగా చేరిన పిల్లల తప్పుల పట్టీలు ముందేసుకుని, ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతూ కూనిరాగం తీసేవారు. అంత చిన్న పనిలో అంత హుషారు ఎలా అని ఒకసారి అడిగాను. బల్ల మీది అద్దం కింద కాగితం చూపించారు: "మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి." అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ వాక్యమే కార్డు మీద రాస్తే పోతుందేమో.

ఇరవై మూడో కీర్తన:
కొలొస్సయులకు, 3:23. రాయండి. దాని పై వచనం "దాసులారా" అని మొదలవుతుంది. పనిని ఎంచుకునే వీలే లేనివాళ్లకు చెప్పిన మాట అది. ఏ పని చేస్తే జీవితానికి ప్రయోజనం అని మనం తెగ వెతుకుతాం. పౌలు పనిని మార్చలేదు, ఎవరి కోసమన్నది మార్చాడు. మీ పెద్దాయన కూనిరాగం అక్కడిదే.

ఎదురుప్రశ్న:
దాసులకు అలా చెప్పడం మీద నాకు అభ్యంతరం అలాగే ఉంది. కానీ తప్పుల పట్టీలతో కూర్చుని కూనిరాగం తీసిన మనిషి ముందు వాదన పెట్టలేను.

ధాతుపాఠం:
ఆ కాగితం మీద 'మనస్ఫూర్తి' అని ఉందా, 'మనస్పూర్తి' అని ఉందా? స్ఫూర్తికి ఫ కింద ఒత్తు తప్పనిసరి. సగం పత్రికల్లో తప్పే.

చిట్టా ఆవర్జా:
చూడలేదండీ.

అరసున్న:
సంతోషం మాట ఎవరూ ఎత్తలేదు. అదీ తుష్ బిడ్డే కదా! యోగసూత్రంలో "సంతోషాదనుత్తమః సుఖలాభః" అన్నప్పుడు అర్థం సంతుష్టే. మనం వాడీ వాడీ దాన్ని పండగ చేశాం. సంతుష్టి ఇంట్లో ఉండిపోయింది, సంతోషం వీధిలోకి వెళ్లి నవ్వుతోంది. అక్కచెల్లెళ్లు.

ధాతుపాఠం:
ఈసారి ఒప్పుకుంటున్నాను. ఆ సూత్రంలోనూ 'లాభః' ఉంది, గమనించండి.

దేశ్యపదం:
లాభం అన్నిచోట్లా ఉంది, చాలు ఒక్కచోటే ఉంది.

చిట్టా ఆవర్జా:
కార్డు ఇచ్చేశాం. 'సంతుష్టి' అనే రాశాను, చెవి మాట పక్కన పెట్టి. ఆయన చదివి, చాలాసేపు చూసి, జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి 'లాభము' మధ్యలో ఒక గీత పెట్టి పైన 'సాధన' అని చేర్చారు. తొందరలో నేను మళ్లీ వదిలేశానన్నమాట. మొదటి మాట జోలికి వెళ్లలేదు. మీరు రోజూ అన్నది తుష్టియా, తృప్తియా అని అడిగితే, "ఏ రోజు ఏది అన్నానో, ఆ రోజు లెక్కను బట్టి ఉంటుంది" అన్నారు.

ధాతుపాఠం:
అంటే రెండూ అన్నారన్నమాట. లెక్క కుదిరిన రోజు తృప్తి, కుదరని రోజు సంతుష్టి. నా సిద్ధాంతం నిలిచింది.

దేశ్యపదం:
నిలవలేదు. ఆయన మీకు దొరక్కుండా తప్పుకున్నారు.

అరసున్న:
అది సరేగానీ, పైన నేను "వ్యాప్తిం బొందక" అని రాశాను. మా తాతగారు "వ్యాప్తిం జెందక" అని చదివేవారని ఇప్పుడు గుర్తొస్తోంది. మూడో పాదంలో "జెందని" ఉండగా మొదటి పాదంలోనూ అదే క్రియ వాడతాడా పోతన? ఎవరి దగ్గరైనా పాత ప్రతి ఉంటే చూసి చెప్పండి.