కెజీయా: ఆ చివరి ‘యా’ దేవుని పేరు కాదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పాప పుట్టింది. మా పాస్టరుగారు ‘కెజీయా’ అని పెట్టమన్నారు. నెట్‌లో చూస్తే ఒక చోట ‘దేవుని సువాసన’ అని, ఇంకో చోట ‘దాల్చినచెక్క’ అని ఉంది. దాల్చినచెక్క అనగానే ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లించారు. అసలు అర్థం ఏది? ఇది అరుదైన పేరేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: ముందుగా పాపకు ఆశీస్సులండీ. దాల్చినచెక్క అన్నవాళ్లే సత్యానికి దగ్గరగా ఉన్నారు. ‘దేవుని సువాసన’ అనేది తర్వాత ఎవరో భక్తితో అతికించిన అర్థం. అది ఎలా అతుక్కుందో చూడటం కష్టం కాదు. యెషయా, యిర్మీయా, ఓబద్యా, హిజ్కియా అన్న పేర్లలో చివరి ‘యా’ నిజంగానే దేవుని నామానికి కుదించిన రూపం. అదే లెక్క కెజీయాకీ వేశారు. కానీ హీబ్రూలో ఈ పేరు రాసే అక్షరాలు ఇవి: ఖోఫ్, త్సాదె, యోద్, ఆయిన్, హే. యిర్మీయా లాంటి పేర్లలో యోద్ వెంటనే హే వస్తుంది. ఇక్కడ ఆ రెంటి మధ్య ఆయిన్ ఉంది. అది గొంతు లోపలి నుంచి పలికే హల్లు, పేరు ధాతువులో భాగం. మన లిపిలో దానికి అక్షరం లేదు కాబట్టి రాతలో మాయమై, రెండు రకాల ‘యా’లూ ఒకటిగా కనిపిస్తున్నాయి.

ఆ ధాతువుకి అర్థం గీకడం, చెక్కు తీయడం. బైబిలులో లేవీయకాండము 14వ అధ్యాయంలో గోడలకు పొడ పట్టిన ఇంటిని లోపలంతా గీకించమని చెప్పే చోట ఇదే ధాతువు వస్తుంది. యెషయా 44లో విగ్రహం చెక్కే వడ్రంగి చేతి పనిముట్టు పేరు కూడా దీన్నుంచి వచ్చిందే. నేటి హీబ్రూలో వడ్రంగులు చిత్రిక పట్టే పనిముట్టుకి ఇప్పటికీ ఆ మాటే వాడతారు. కాబట్టి కెజీయా అంటే చెట్టు నుంచి ఒలిచిన పట్ట, అందులోనూ సువాసన గల పట్ట. కీర్తనలు 45:8లో రాజు పెళ్లిబట్టల పరిమళాన్ని చెప్పే చోట గోపరసం, అగరు, లవంగిపట్ట అని మూడు వస్తాయి. ఆ మూడోదానికి హీబ్రూలో ఉన్నది ఈ మాటే, బహువచనంలో. లవంగిపట్ట అంటే లవంగాల చెట్టు పట్ట అనుకోకండి. అది దాల్చినచెక్క కోవకి చెందినదే.

ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెప్పి చూడండి. ఆ రోజుల్లో అది పోపులడబ్బాలో సరుకు కాదు. ఎక్కడో దూరదేశాల నుంచి అరబ్బు వర్తకుల చేతుల మీదుగా వచ్చే, రాజుల బట్టలకు పట్టించే ఖరీదైన పరిమళం. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసినది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అది లోతులేని ఒక సరస్సులో పెరుగుతుందనీ, గబ్బిలాల్లాంటి రెక్కల ప్రాణులు కాపలా ఉంటాయనీ, అరబ్బులు ఒళ్లంతా తోళ్లు కప్పుకుని కళ్లు మాత్రం బయటపెట్టి వెళ్లి కోసుకొస్తారనీ ఆయన విన్న కథ. దాని అసలు ఊరు ఎక్కడో కొనేవాళ్లకు తెలియదన్నమాట. తెలియని కొద్దీ విలువ పెరిగింది. అలాంటి వస్తువు పేరు కూతురికి పెట్టడమంటే అపురూపమైనదని చెప్పడమే కదా.

ఈ పేరు బైబిలులో ఒక్క చోటే, యోబు 42లో వస్తుంది. కష్టాలన్నీ తీరాక యోబుకు మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పుడతారు. కొడుకుల పేర్లు ఒక్కటీ రాయలేదు. కూతుళ్ల పేర్లు మూడూ రాశారు: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. నాకు ఈ అధ్యాయంలో ఎంతో ఇష్టమైన చోటు ఇదే. మొదటి పేరుని పావురం అనే అరబ్బీ మాటతో పోలుస్తారు. మూడోదానికి అర్థం కాటుక కొమ్ము, అంటే కంటికి పెట్టుకునే నల్లపొడి దాచుకునే కొమ్ముబుర్ర. మనం కాటుక భరిణె అనుకోవచ్చు. పావురం, పరిమళం, కాటుక! అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి మళ్లీ బతుకులోకి వచ్చి బిడ్డలకు పెట్టుకున్న పేర్లివి.

పేర్లతో పాటు ఆస్తి సంగతి కూడా ఉంది. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు మోషే ముందు నిలబడి అడిగితే, కొడుకులు లేనప్పుడు కూతుళ్లకు స్వాస్థ్యం (వారసత్వపు ఆస్తి) చెందాలన్న నియమం వచ్చింది. యోబుకు ఏడుగురు కొడుకులున్నా, కూతుళ్లకూ అన్నదమ్ములతో పాటు స్వాస్థ్యం ఇచ్చాడు. ఈ పేరు పెట్టినప్పుడు ఈ వాక్యం కూడా ఆ పిల్లకు చెప్పాలని నా కోరిక.

మరో సభ్యురాలు: చాలా బాగా చెప్పారండీ. ఒక సందేహం. హీబ్రూలో త్సాదె అంటున్నారు, మరి మనకు ‘జ’ ఎక్కడిది?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. తెలుగు బైబిలు త్సాదెను చాలా చోట్ల ‘స’గా రాసింది. సీయోను, ఇస్సాకు, సిప్పోరా, ఇందాక చెప్పిన సెలోపెహాదు, ఆయన కూతురు తిర్సా, అందరిలోనూ అదే అక్షరం. ఆ లెక్కన ఈ అమ్మాయి ‘కెసీయా’ కావాలి. కానీ నెబుకద్నెజరులో లాగే ఇక్కడా ‘జ’ వచ్చింది. ఇంగ్లీషు బైబిలులో ఉన్న జడ్ అక్షరం ప్రభావమని నేననుకుంటాను.

ఇంకో విశేషం ఉంది. త్సాదె ధ్వని మనకు కొత్త కాదు. చాప, చుక్క, చొక్కా అన్నప్పుడు పలికే దంత్య చకారం అదే. అయితే మన నోట్లో అది అ, ఉ, ఒ ల ముందే నిలుస్తుంది. ఇ, ఈ, ఎ ల ముందు చిలక, చీర, చెరువులో లాగా తాలవ్యమైపోతుంది. కెజీయాలో త్సాదె పక్కన ఉన్నది సరిగ్గా ఈకారం. ధ్వని మన దగ్గర ఉండి కూడా ఈ పేరులో పలకడం కుదరదు. ఇజ్రాయెల్‌లో దీన్ని దాదాపు ‘క్త్సియా’ అంటారు.

గ్రీకువాళ్లయితే యోబు కూతుళ్లలో ఈమెను ‘కసియా’ చేశారు. అక్కను ‘పగలు’ అనీ, చెల్లెలిని గ్రీకు పురాణంలోని ‘అమల్థియా కొమ్ము’ అనీ అనువాదమే చేసేశారు. లాటిన్‌లో ‘కస్సియా’.

ఇంకొకరు: కస్సియా అంటే మా బోటనీ పుస్తకంలో తంగేడు పేరు కదండీ?

జవాబు: అవునండీ! తంగేడును చాలాకాలం కస్సియా ఆరిక్యులేటా అన్నారు, ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా అంటున్నారు. రేల చెట్టు మాత్రం నేటికీ కస్సియా ఫిస్టులా. మొదట్లో ‘కస్సియా ఫిస్టులా’ అంటే గొట్టంలా చుట్టుకున్న సుగంధపు పట్ట. తర్వాతి కాలంలో విరేచనానికి మందుగా వాడే రేలకాయకి ఆ పేరు మారింది. అలా ఆ పేరు పట్ట చెట్టుని వదిలి కాయల చెట్ల జాతికి స్థిరపడింది. బతుకమ్మలో పేర్చే తంగేడుకూ, యోబు కూతురికీ పేరులో చుట్టరికం ఉందన్నమాట. దాల్చినచెక్కకీ తంగేడుకీ మాత్రం వృక్షశాస్త్రంలో ఏ సంబంధమూ లేదు.

ఇక అరుదా అన్న సంగతి. ఇంగ్లండులో ప్రొటెస్టెంటు కుటుంబాలు పాత నిబంధన పేర్లు విరివిగా పెట్టుకున్న కాలంలో ఇది వాడుకలోకి వచ్చింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ ఆఖరి చెల్లెలు కెజియా, 1709లో పుట్టింది. ఈమధ్య కాలంలో చూస్తే, స్కాట్లండ్ లేబర్ పార్టీకి 2015 నుంచి 2017 వరకు కెజియా డగ్‌డేల్ నాయకురాలు. 2016లో ఇండోనేషియా అందాల కిరీటం కెజియా వారౌకి వచ్చింది. కెన్యాలోనూ ఈ పేరు వినిపిస్తుంది. అయినా సారా, రూతు, ఎస్తేరు అంత విస్తృతి దీనికి ఎక్కడా లేదు.

మన దగ్గర సంగతి వేరు. పాత తరంలో మరియమ్మ, మార్తమ్మ, ఎస్తేరమ్మ, రూతమ్మ. ఇప్పటి పిల్లల్లో కెజియా, జెమీమా, హద్దస్సా. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల చర్చిల్లో సండేస్కూలుకి వెళితే ఒక కెజియా అయినా కనిపిస్తుందని నా అనుభవం. కాబట్టి క్లాసులో ఇంకెవరికీ ఉండని పేరు కావాలంటే ఇది హామీ ఇవ్వదు. యోబు మూడో కూతురు కెరెంహప్పుకు పేరు మాత్రం ఎవరూ పెట్టుకోగా నేను వినలేదు, పలకడం కష్టం కాబట్టి కాబోలు.

మొదట అడిగినవారు: చాలా థాంక్సండీ. పెద్దవాళ్లకు కీర్తన 45 చూపించాను, మా నాన్నగారు ఒప్పుకున్నారు. స్పెల్లింగ్ టెన్షన్ ఒక్కటే మిగిలింది. కెజీయానా, కెజియానా?

జవాబు: సంతోషమండీ. తెలుగు బైబిలులో ఉన్నది ‘కెజీయా’, వాడుకలో ‘కెజియా’ ఎక్కువ. రెండూ తప్పు కాదు. ఇంగ్లీషులో చివర హెచ్ పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. హీబ్రూలో చివర హే ఉంది కాబట్టి పెడితే తప్పు లేదు. జడ్ బదులు జే మాత్రం రాయొద్దు; వేరే ఊళ్లలో ‘కెజ్జియా’ అని ఇంకోలా పలుకుతారు. జనన ధ్రువపత్రంలో ఏది రాయిస్తారో అదే ఆధార్‌కీ బడికీ ఇవ్వండి.