తలకు దెబ్బ, బీపీ 190, పల్స్ 48: బీపీ దించాల్నా?

స్టాఫ్‌నర్స్_భూపాలపల్లి:
బండి మీంచి పడ్డ పేషెంట్, 60 కిలోలు. వచ్చినప్పుడు మాట్లాడుతడు, వాంతులైనంక మత్తులోకి పోతడు. కుడి కంటిపాప పెద్దగైతది, బీపీ 190/100, పల్స్ 48. ఇసొంటి కేసును వరంగల్ ఎంజీఎం దవాఖానకు పంపేముందు ల్యాబెటలాల్ ఇచ్చి బీపీ దించాల్నా? మెదడు వాపు తగ్గించే మ్యానిటాల్ ఎంత?

మత్తుడాక్టర్_హన్మకొండ:
దించొద్దు సిస్టర్. ఆ బీపీ మీదనే మెదడు బతుకుతున్నది. 190/100 అంటే సగటు బీపీ 130 (కింది అంకెకు తేడాల మూడో వంతు కలపాలె). పుర్రె లోపలి ప్రెషర్ మామూలుగా 7–15 ఉంటది. అది 50కి ఎక్కిందనుకోండి, మెదడుకు దక్కేది 80. మందిచ్చి సగటును 90కి తెస్తే మిగిలేది 40. కనీసం 60 కావాలె.

పుర్రె సాగదు. లోపల నెత్తురు గడ్డ పెరుగుతుంటే ముందు మెదడు చుట్టూ ఉన్న ద్రవం వెన్ను దిక్కు జరుగుతది, సిరల రక్తం బయటికి పోతది. అందుకే మొదట మంచిగనే మాట్లాడుతడు. ఆ సందు అయిపోయినంక గడ్డ కొంచెం పెరిగినా ప్రెషర్ ఒక్కసారే ఎగుస్తది. టెంపోరల్ లోబ్ (మెదడు పక్క భాగం) కిందికి జారి మూడో నరాన్ని నొక్కితే అదే వైపు కంటిపాప పెద్దగై, టార్చి వేసినా కదలదు. బీపీ ఎక్కి పల్స్ పడిపోయిందంటే కుషింగ్ (పుర్రెల ప్రెషర్ మరీ పెరిగిన గుర్తు) మొదలైనట్టే. శ్వాస తప్పేదాక చూస్తే చెయ్యి దాటిపోతది.

న్యూరో_ఐసీయూ_సిస్టర్:
మ్యానిటాల్ కిలోకు అర గ్రాము నుంచి గ్రాము. 20 శాతం బాటిల్‌ల 100 మి.లీ.కు 20 గ్రాములు, అంటే మీ పేషెంట్‌కు 150–300 మి.లీ., 15–20 నిమిషాలల్ల. చలికాలం బాటిల్‌ల పలుకులు కడతయి. వేడినీళ్లల్ల పెట్టి కరిగించి, చల్లార్చి, ఫిల్టర్ సెట్‌తోనే ఎక్కించాలె. యూరిన్ క్యాథెటర్ తప్పదు. బీపీ పడిపోయి ఉంటే మ్యానిటాల్ వద్దు, 3 శాతం సెలైన్ మేలు. 5 శాతం డెక్స్‌ట్రోస్ అసలే వద్దు, మెదడు ఇంకా వాస్తది.

అందరు మరిచేది మెడ. తల 30 డిగ్రీలు ఎత్తున, మెడ నిటారుగ. కాలర్ బిగుతైనా, శ్వాస ట్యూబ్ కట్టిన టేప్ మెడ సిరను నొక్కినా రక్తం దిగక ప్రెషర్ పెరుగుతది. వెన్నుపూస మీద అనుమానముంటే మంచం మొత్తాన్నే వాల్చండి.

108_ఈఎంటీ:
జీసీఎస్ (తెలివి కొలిచే స్కోరు) 8కి దిగితే శ్వాస ట్యూబ్ వేసినంకనే బండి కదలాలె. దారిల ఆంబు (చేత్తో నొక్కే శ్వాస సంచి) దబదబ నొక్కుతుంటరు. దాంతో రక్తంల కార్బన్ డయాక్సైడ్ మరీ పడిపోతే మెదడు రక్తనాళాలు ముడుచుకుని ఉన్న రక్తమూ అందదు. నిమిషానికి 10 చాలు. కంటిపాప అప్పటికప్పుడు పెద్దగైతేనే కొద్దిసేపు 20. దారిల పరకాల దాటకముందే సీటీకి, న్యూరోసర్జరీ డ్యూటీకి ఫోన్ పోవాలె.

స్టాఫ్‌నర్స్_భూపాలపల్లి:
మరి డెక్సా (డెక్సామెథసోన్ స్టెరాయిడ్)?

మత్తుడాక్టర్_హన్మకొండ:
ట్యూమర్ వాపుకు పనిచేస్తది. తల దెబ్బకు వద్దు. తల దెబ్బ పేషెంట్ల మీద చేసిన 2004 క్రాష్ ట్రయల్‌ల స్టెరాయిడ్ ఇచ్చినోళ్లల్లనే చావులు ఎక్కువ.